చెవికి రెప్ప లేదు

కంటికి రెప్ప కలదు. దుమ్ము లేచినపుడును, ఎండ తాకినపుడును, నిద్ర వచ్చినపుడును అది తనంతట తానే మూతపడును. నోటికి పెదవులు కలవు. ఇష్టములేని పదార్థమును నోరు నిరాకరింపగలదు. చెవికి మాత్రము ప్రకృతి ఏ తలుపును అమర్పలేదు. రాత్రియు పగలును, మేలుకొనియున్నపుడును నిదురించునపుడును అది తెరచియే యుండును. మానవుడు అడవులలో సంచరించిన కాలమున ఈ ఏర్పాటు అతని ప్రాణమును కాపాడినది. ఎండుటాకులపై జంతువు అడుగు పడినంతనే నిదురించువానిని చెవి మేలుకొల్పెడిది. ఆ కాలమున చెవి ఎదుర్కొనవలసిన మహాధ్వని ఉరుము ఒక్కటియే. అదియు క్షణకాలము మ్రోగి అణగిపోయెడిది. నేటి మానవుడో, తన చేతులతో తానే ఉరుములను నిర్మించి, వాని నడుమ దినమునకు ఎనిమిది గంటలు నిలుచుచున్నాడు. ప్రకృతి అమర్పని తలుపును అతడు తన తెలివితో అమర్చుకొనవలసి యున్నది.

హైదరాబాదు నగరమునకు పడమట, సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలమున భానూరు అను గ్రామము కలదు. 2016వ సంవత్సరమున సంగారెడ్డి జిల్లా ఏర్పడుటకు పూర్వము ఇది మెదక్ జిల్లాలోనిది. ఒకప్పుడు ఈ ప్రాంతపు ప్రజలకు సేద్యమే ప్రధాన వృత్తి. కాలక్రమమున ఇచ్చటికి యంత్రములు వచ్చినవి. సమీపమునందలి రామచంద్రాపురమున విద్యుత్తును పుట్టించు భారీ యంత్రములను నిర్మించు కర్మాగారము 1960వ దశకముననే వెలసినది. 1970లో స్థాపింపబడిన భారత్ డైనమిక్స్ అను ప్రభుత్వ సంస్థ, దేశరక్షణకు వలయు క్షిపణులను తయారుచేయు తన కర్మాగారములలో ఒకదానిని భానూరులో నెలకొల్పినది. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము మొదలగు చోట్ల ఇనుము, ఔషధములు, రసాయనములు, యంత్రభాగములు తయారుచేయు పరిశ్రమలు అనేకము వృద్ధిచెందినవి. తెలంగాణ పల్లెలనుండియేగాక ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రములనుండియు వచ్చిన కార్మికులు వీనిలో పనిచేయుచున్నారు.

ఈ పరిశ్రమలు వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. వానిని నిందించుట ఎవ్వరికిని తగదు. అయితే ఇనుమును ఇనుము తాకు ప్రతిచోటను, రేకును అచ్చున వేసి కొట్టు ప్రతిచోటను, గాలిని బిగించి వదలు ప్రతిచోటను గొప్ప ధ్వని పుట్టక తప్పదు. ఇది ఏ యొక్క ఊరికో, ఏ యొక్క కర్మాగారమునకో పరిమితమైన విషయము కాదు. యంత్రమున్న ప్రతి తావునను ఉన్నదే. ఆ ధ్వని చెవిని ఏమి చేయునో, చెవి చెడినపుడు మానవుని జీవితము ఎట్లు మారునో తెలిసికొనుట యంత్రముల నడుమ జీవించువారందరికిని అవసరము.

ముందుగా వినికిడి ఎట్లు కలుగునో చూడవలెను. ధ్వని యనగా కంపనము. గంటను కొట్టినపుడు గంట కంపించును. ఆ కంపనము గాలిలో అలలుగా వ్యాపించును. చెవిడొప్ప ఆ అలలను ప్రోగుచేసి సన్నని నాళముగుండ లోపలికి పంపును. నాళము చివర మృదంగపు తోలువలె బిగించిన పలుచని పొర యొకటి కలదు. దానికి కర్ణభేరి యని పేరు. అలలు తాకగనే కర్ణభేరి కంపించును. దానిని ఆనుకొని మూడు చిన్న ఎముకలు గొలుసువలె అమరియున్నవి. సుత్తిని బోలినది కూటకము. కమ్మరి దాగలిని బోలినది దాగలి. గుఱ్ఱపు జీను అంకవన్నెను బోలినది కర్ణాంతరాస్థి. మానవ శరీరమందలి ఎముకలలోనెల్ల కర్ణాంతరాస్థియే మిక్కిలి చిన్నది. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ మూడును కంపనమును లోపలి చెవికి అందించును.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన భాగమొకటి కలదు. దానికి కర్ణావర్తము అని పేరు. దానినిండ ద్రవము నిండియుండును. ఆ ద్రవములో మునిగి రోమకణములను సూక్ష్మకణములు వరుసలు దీరి నిలిచియుండును. ఒక్కొక్క చెవిలో వీని సంఖ్య సుమారు 15,000. ద్రవము కదలినపుడు వరిచేనిపై గాలి వీచినట్లు ఈ రోమములు వంగి లేచును. ఆ కదలికను రోమకణములు విద్యుత్సంకేతముగా మార్చి శ్రవణనాడి ద్వారా మెదడునకు పంపును. అపుడే శబ్దము అర్థమగును. ఆల్ఫాన్సో కోర్టి అను ఇటలీ శాస్త్రజ్ఞుడు ఈ కణములున్న భాగమును సూక్ష్మదర్శినితో పరిశీలించి 1851లో వర్ణించెను. కర్ణావర్తము మొదటి భాగము సన్నని కీచుధ్వనులను, చివరి భాగము లావైన బొంగురుధ్వనులను గ్రహించునని విశదపరచిన గేయోర్గ్ ఫాన్ బేకేషీ అను శాస్త్రజ్ఞునకు 1961లో నోబెల్ బహుమానము లభించెను.

రోమకణములను గూర్చి మరువరాని సంగతి యొకటి కలదు. శిశువు పుట్టకముందే అవి పూర్తిగా ఏర్పడును. అటుపిమ్మట నశించినవాని స్థానమున మానవునకు క్రొత్తవి పుట్టవు. కోడి మొదలగు పక్షులలో చెడిన రోమకణములు మరల మొలకెత్తునని శాస్త్రజ్ఞులు 1980వ దశకమున కనుగొనిరి. మానవునకు మాత్రము ఆ భాగ్యము లేదు. చర్మము గీరుకొనినచో మానును. ఎముక విరిగినచో అతుకుకొనును. రోమకణము నశించినచో మరల రాదు.

ధ్వని తీవ్రతను డెసిబెల్ అను ప్రమాణముతో కొలుతురు. టెలిఫోనును కనుగొనిన అలెగ్జాండర్ గ్రహాం బెల్ పేరుమీదుగా ఈ మాట ఏర్పడినది. ఆయన తల్లియు భార్యయు వినికిడి లేనివారు. ఆయన స్వయముగా బధిరులకు ఉపాధ్యాయుడు. గుసగుస సుమారు 30 డెసిబెల్‌లు. ఇద్దరు కూర్చుండి మాటలాడుకొను ధ్వని సుమారు 60. వాహనములు కిక్కిరిసిన వీధి 80 లేక అంతకు పైబడి యుండును. ఇనుమును అరగదీయు గ్రైండరు యంత్రము సుమారు 100. దగ్గర ప్రేలిన పెద్ద టపాకాయ 120ని మించును.

ఈ అంకెలను సామాన్యపు అంకెలవలె చదువరాదు. ప్రతి 10 డెసిబెల్‌ల హెచ్చునకును ధ్వనిశక్తి పదిరెట్లు పెరుగును. కనుక 90 డెసిబెల్‌ల ధ్వనిలోని శక్తి 60 డెసిబెల్‌ల ధ్వనిలోని శక్తికి వేయిరెట్లు! అట్లే 3 డెసిబెల్‌లు పెరిగిన మాత్రముననే శక్తి సుమారు రెట్టింపగును. 85 డెసిబెల్‌ల ధ్వనిలో ఎనిమిది గంటలు పనిచేసినవాని చెవికి ఎంత భారము పడునో, 88 డెసిబెల్‌లలో నాలుగు గంటలకే అంత భారము పడును. 100 డెసిబెల్‌లలో పావుగంటకే పడును. ధ్వని తీవ్రతయు, దానిని విన్న కాలమును, ఈ రెండును కలిసియే చెవికి హాని చేయును.

పచ్చికపై మనుష్యుడు ఒకసారి నడచినచో గడ్డి వంగి, కొంతసేపటికి తిరిగి లేచి నిలుచును. అదే దారిని ప్రతిదినము నడచినచో గడ్డి చచ్చి బాట ఏర్పడును. రోమకణముల స్థితియు ఇట్టిదే. గట్టి ధ్వనిలో పనిచేసి వెలుపలికి వచ్చినవానికి కొంతసేపు చెవులు దిబ్బడవేసినట్లును, లోపల ఏదో హోరు మ్రోగుచున్నట్లును తోచును. మరునాటి కది తగ్గును. అతడు స్వస్థత కలిగినదని తలచును. వాస్తవమునకు అది చెవి చేసిన హెచ్చరిక. ఏండ్ల తరబడి హెచ్చరికను లెక్కచేయనిచో వంగిన గడ్డి లేచుట మానివేయును. ఈ నష్టమున నొప్పి లేదు, రక్తము లేదు, వాపు లేదు. అందుచేతనే ఇది మిక్కిలి ప్రమాదకరము. కాలిలో ముల్లు గ్రుచ్చుకొనినవాడు వెంటనే కూర్చుండి దానిని తీయును. చెవిలో వేలకొలది కణములు నశించుచున్నను మానవుడు ఎరుగకయే పనిచేయుచుండును.

ధ్వని వలన కలుగు చెవుడు మొదట ఎచ్చట కనబడునో తెలిసికొన్నచో దాని మాయ అర్థమగును. ఇది సెకనుకు సుమారు 4,000 కంపనములుగల సన్నని ధ్వనులను ముందుగా హరించును. మాటలలో అచ్చులు లావైన ధ్వనులు. అవి బలముగా వినబడును. క, చ, త, ప, స, శ వంటి హల్లులు సన్నగా, బలహీనముగా ఉండును. చెవి చెడనారంభించినవానికి అచ్చులు వినబడుచునే యుండును, హల్లులు జారిపోవును. కాలు, చాలు, తాలు, పాలు అను నాలుగు మాటలును అతనికి ఒక్కటే మాటగా వినబడును. అందుచేత అతడు తనకు వినబడుట లేదని చెప్పడు. ఎదుటివారు సరిగా పలుకుట లేదని చెప్పును. అతడు అబద్ధమాడుట లేదు. అతని కట్లే తోచుచున్నది.

ఇరువది యేండ్లు రేకుల అచ్చుయంత్రముకడ పనిచేసిన ఒక కార్మికుని ఇంటిని ఊహించుకొనవచ్చును. భోజనము వేళ భార్య, "పాలు కావలెనా?" అని అడుగును. "ఆ, చాలు" అని అతడు బదులు చెప్పును. ఆమె నవ్వుకొనును. కొన్నాళ్ల కా నవ్వు విసుగుగా మారును. కుమార్తె బడిలో నేర్చిన పాటను వెనుకనుండి పాడును. తండ్రి తల త్రిప్పడు. తన పాట నాయనకు నచ్చలేదని బాలిక చిన్నబుచ్చుకొనును. టెలివిజను ధ్వనిని అతడు పెంచును; ఇంటివారు తగ్గింతురు. పెండ్లిండ్లలో నలువురు ఒక్కసారి మాటలాడునపుడు అతనికి గోలయే గాని మాట వినబడదు. ఒకటి రెండుసార్లు "ఏమంటివి?" అని అడుగును. మూడవసారి అడుగుటకు సిగ్గుపడి, అందరు నవ్వినపుడు తానును నవ్వును. నాలుగవ పెండ్లికి వెళ్లుట మానివేయును. "మామయ్యకు గర్వము పెరిగినది" అని బంధువులందురు. ఎవ్వరును అతని చెవిని అనుమానింపరు.

కంటిచూపు తగ్గినచో మనుష్యుడు వస్తువులకు దూరమగును. వినికిడి తగ్గినచో మనుష్యులకే దూరమగును. చెవుడు యొక్క అసలు నష్టమిదియే. ఈ దూరము మనసును క్రుంగదీయును. ఒంటరితనము, విచారము, విసుగు పెరుగును. మాటను పట్టుకొనుటకు ఎల్లప్పుడు ప్రయాసపడుటచేత సాయంకాలమునకు మెదడు అలసిపోవును. చెవిలోని హోరు రాత్రివేళ నిద్రను చెడగొట్టును. పెద్దధ్వనుల నడుమ దీర్ఘకాలము గడుపువారిలో రక్తపుపోటు పెరుగు ప్రమాదము కలదని వైద్యులు గుర్తించిరి. 2017, 2020, 2024 సంవత్సరములలో లాన్సెట్ అను వైద్యపత్రికవారు నియమించిన నిపుణుల సంఘము, వృద్ధాప్యమున జ్ఞాపకశక్తి నశించుటకు తోడ్పడు కారణములలో నివారింపదగినవానిని ఎంచి చెప్పినది. వానిలో నడివయసునందు కలుగు వినికిడి లోపము ముఖ్యమైనది.

ప్రాణాపాయము సైతము లేకపోలేదు. కర్మాగారమున హెచ్చరికగంట వినబడకపోవచ్చును. వెనుకకు వచ్చు బండియొక్క కూత వినబడకపోవచ్చును. పటాన్‌చెరు మీదుగా పోవు ముంబయి రహదారిపై లారీ కొమ్ము వినజాలనివాడు దాటుట ఎంత అపాయకరమో చెప్పనక్కరలేదు.

ధ్వనివలన చెవుడు వచ్చునని పెద్దలు ప్రాచీనకాలముననే గమనించిరి. వృత్తులవలన వచ్చు రోగములను గూర్చి గ్రంథము వ్రాసిన రమజ్జినీ అను ఇటలీ వైద్యుడు, 18వ శతాబ్దారంభమున వెనీసు నగరపు కంచరివారిని గూర్చి వ్రాసెను. దినమంతయు రాగిపై సుత్తితో కొట్టుటచేత వారి వినికిడి మందగించుననియు, ఆ వృత్తిలోనే ముసలివారైనచో పూర్తిగా చెవిటివారగుదురనియు ఆయన గ్రహించెను. ఆవిరియంత్రముల కాలము వచ్చిన తరువాత, 1886లో గ్లాస్గో నగరమునందు టామస్ బార్ అను వైద్యుడు బాయిలర్లను నిర్మించు కార్మికుల చెవులను పరీక్షించెను. వారిలో పెక్కుమంది సభలో కూర్చుండి ఉపన్యాసమును విని గ్రహింపలేకుండిరి. ఈ రోగమునకు బాయిలరు కార్మికుల చెవుడు అను పేరే స్థిరపడినది.

మనదేశమున 1948 నాటి కర్మాగారముల చట్టము, ప్రభుత్వమునకు తప్పక తెలియజేయవలసిన వృత్తిరోగముల పట్టికలో ధ్వనివలన కలుగు వినికిడి నష్టమును చేర్చుకొనినది. ఆ చట్టమునకు బదులుగా 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలోను ఆ రోగమునకు స్థానము కలదు. కర్మాగారముల వెలుపలి ధ్వనికి సంబంధించి 2000వ సంవత్సరమున నియమములు వెలువడినవి. వాని ప్రకారము పారిశ్రామిక ప్రాంతమున పగలు 75, రాత్రి 70 డెసిబెల్‌లును, నివాస ప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లును మించరాదు. వైద్యశాలలు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టును నిశ్శబ్దమండలములు ఏర్పడవలెను.

యంత్రధ్వనియే చెవుడునకు ఏకైక కారణము కాదు. కొన్ని ఔషధములు సైతము లోపలి చెవిని దెబ్బతీయును. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ అనునవి అట్టివి. చలిజ్వరమునకు వాడు క్వినైనును అట్టిదే. దీనికి తెలుగుదేశమున స్మరింపదగిన ఉదాహరణము గిడుగు వేంకట రామమూర్తిగారిది. 1863లో జన్మించి 1940లో కీర్తిశేషులైన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలలో నివసించు సవరల భాషను నేర్చుకొనుటకు మన్యమున తిరిగిరి. అచ్చట చలిజ్వరము సోకగా క్వినైను వాడిరి. దానివలన ఆయనకు వచ్చిన చెవుడు జీవితాంతము వదలలేదు. మాటల ధ్వనులను వినుటయే పనిగా పెట్టుకొనిన పండితునకు వినికిడియే పోయినది! అయినను ఆయన పనిని విడువలేదు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణ గ్రంథము 1931లోను, సవర నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ నేడు తెలుగు భాషా దినోత్సవము. వినికిడి తగ్గినంతమాత్రమున బుద్ధి తగ్గదనుటకు ఇంతకంటె సాక్ష్యము వేరొకటి అక్కరలేదు. "చెవిటివాని ముందు శంఖ మూదినట్లు" అను సామెతను వాడువారు ఈ సత్యమును మరువరాదు.

బాలబాలికల చెవులకు వేరు శత్రువులు కలవు. జలుబు ముదిరి మధ్యచెవిలో చీము పట్టుట, తట్టు, గవదబిళ్లలు మొదలగు వ్యాధులు, పుట్టుకతో వచ్చు లోపములు వినికిడిని చెరచును. చెవిపై కొట్టిన చెంపదెబ్బకు కర్ణభేరి చినుగవచ్చును. అగ్గిపుల్ల, పిన్నీసు మొదలగువానితో చెవిని కెలకుట, కారుచున్న చెవిలో కాచిన నూనె పోయుట హానికరములు. బాల్యమున కలుగు వినికిడి లోపములలో సుమారు 60 శాతము నివారింపదగినవేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తరగతిలో వెనుకబెంచీపై కూర్చుండి, పిలిచిన పలుకని బాలుని మందమతి యనుటకు ముందు అతని చెవిని పరీక్షింపవలెను. శిశువునకు వినబడకున్నచో మాటయును రాదు. కనుక ఎంత శీఘ్రముగ కనుగొన్నచో అంత మేలు.

నేటి యువకులు కర్మాగారమునకు పోకయే కర్మాగారపు ధ్వనిని చెవిలో పెట్టుకొని తిరుగుచున్నారు. చెవిలో దూర్చుకొను ఇయర్‌ఫోనులను అంతులేని ధ్వనితో గంటల తరబడి వినుట, ఊరేగింపులలో డీజే పెట్టెల ముందు నిలుచుట రోమకణములకు గొడ్డలిపెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము నూరు కోట్లకు పైబడిన యువజనులు ఇట్టి వినుటవలన ప్రమాదమున నున్నారు. వారమునకు 40 గంటలు వినువారు 80 డెసిబెల్‌లను మించరాదనియు, బాలబాలికలకు ఆ హద్దు 75 అనియు ఆ సంస్థ నిర్ణయించినది.

ఇక నివారణమార్గములు. ధ్వనిని పుట్టినచోటనే తగ్గించుట వానిలో మొదటిది, ఉత్తమమైనది. అరిగిన చక్రములను మార్చుట, కందెన వేయుట, యంత్రము క్రింద రబ్బరుదిండ్లు అమర్చుట, గాలి వెలువడు గొట్టమునకు ధ్వనిని అణచు సాధనమును బిగించుట, యంత్రమునకు పెట్టెవంటి కప్పు వేయుట ఇందులోనివి. రెండవది, కార్మికునకును యంత్రమునకును నడుమ దూరమునో గోడనో ఉంచుట, ఒకే మనిషిని దినమంతయు ఒకేచోట నిలుపక పనులను మార్చి ఇచ్చుట. ఈ రెండును యజమానుల బాధ్యత. మూడవది, చెవిబిరడాలు లేక చెవులను కప్పు తొడుగులు ధరించుట. దూది చాలదు, అది ధ్వనిని అంతగా ఆపలేదు. మెత్తని బిరడాను వ్రేళ్లతో సన్నగా నలిపి, రెండవ చేతితో చెవిడొప్పను పైకిని వెనుకకును లాగి, లోపల నుంచి, అది ఉబ్బువరకు పట్టియుంచవలెను. ఎనిమిది గంటలలో అరగంట తీసివేసినను దాని మేలు చాలవరకు నశించును.

బిరడాలు ఇచ్చినను కొందరు ధరింపరు. చెమట పట్టుననియు, మేస్త్రీ పిలుపు వినబడదనియు అందురు. "ఇరువది యేండ్లనుండి ఉన్న ధ్వనియే గదా, అలవాటైనది" అని మరికొందరందురు. ధ్వనికి చెవి అలవాటు పడుట యనునది లేదు. ధ్వని మునుపటివలె బాధింపకున్నచో దానిని బాధగా గ్రహించు కణములు నశించెనని అర్థము. ప్రమాదమును గుర్తించుటకు యంత్రములు అక్కరలేదు. చాచిన చేయి దూరములో నున్నవానితో మాటలాడుటకు కేక వేయవలసివచ్చినచో ఆ చోటు చెవికి హానికరము. పని ముగించి వచ్చిన పిమ్మట చెవిలో హోరు వినబడినచో ఆనాడు చెవి దెబ్బతిన్నదని గ్రహింపవలెను. శబ్దము చొరని గదిలో కూర్చుండబెట్టి చేయు వినికిడి పరీక్ష నొప్పిలేనిది, కొద్ది నిమిషములలో ముగియునది. ధ్వనిలో పనిచేయువారు దీనిని ఏటేట చేయించుకొనినచో నష్టము మాటలను తాకకముందే బయటపడును.

వినికిడి తగ్గినవారు నిరాశపడరాదు. గులిమి గట్టిపడుట, చీము పట్టుట, కర్ణభేరి చినుగుట మొదలగువానికి చికిత్స కలదు. హైదరాబాదు కోఠిలో చెవి, ముక్కు, గొంతు రోగములకు ప్రత్యేకమైన ప్రభుత్వ వైద్యశాల కలదు. 1983లో ముంబయిలో నెలకొల్పబడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రము సికిందరాబాదులో వినికిడి లోపముగలవారికి సేవ చేయుచున్నది. నశించిన రోమకణములను ఏ మందును తిరిగి తేజాలదు. అయినను వినికిడి యంత్రము మిగిలిన శక్తిని ఉపయోగించి ధ్వనిని పెంచి వినిపించును. కంటికి అద్దములు పెట్టుకొనుటకు ఎవ్వరును సిగ్గుపడుట లేదు. చెవికి యంత్రము పెట్టుకొనుటకును సిగ్గుపడనక్కరలేదు. బొత్తిగా వినబడనివారిలో కొందరికి, ముఖ్యముగా పసిబిడ్డలకు, శస్త్రచికిత్స ద్వారా కర్ణావర్తమున విద్యుత్సాధనమును అమర్చుదురు. సంజ్ఞాభాషను మాతృభాషగా చేసికొని చదివి, ఉద్యోగములు చేయుచు నిండుజీవితము గడపువారును అనేకులు. ఆ భాషాభివృద్ధికై 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రము ఏర్పడినది.

వినికిడి తగ్గినవారితో మాటలాడుట ఒక కళ. వెనుకనుండి పిలువరాదు, ఎదుట నిలిచి, వెలుతురు ముఖముపై పడునట్లు చూచుకొని మాటలాడవలెను. అరచినచో మాట ముక్కలగును. నిదానముగా, స్పష్టముగా పలికిన చాలును. ఒక మాట అర్థము కాకున్నచో దానినే పదిసార్లు అనక వేరుమాటతో చెప్పవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, "ఏమీ లేదులే" అని సంభాషణను త్రుంచివేయరాదు. ఆ ఒక్కమాట చెవిటివానిని ఇంటిలోనుండియే వెలివేయును.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన నివేదికప్రకారము లోకమున నూటయేబది కోట్లమంది ఏదో యొక మేరకు వినికిడి తగ్గినవారే. వారిలో 43 కోట్లమందికి వైద్యసహాయము తప్పనిసరి. ఏటేట మార్చి 3వ తేదీన జరుపబడు ప్రపంచ వినికిడి దినోత్సవము ఈ సంగతిని లోకమునకు గుర్తుచేయుచున్నది. అయితే ఈ కోట్ల లెక్క ప్రతి ఇంటను ఒక్కరితోనే ప్రారంభమగును. భానూరులోనైనను, మరే యూరిలోనైనను, తండ్రియో తాతయో పిలిచిన పలుకకున్నచో నవ్వక, విసుగక, ఒకసారి వినికిడి పరీక్షకు తోడ్కొనిపోవుట ఎనిమిదవ తరగతి బాలబాలికలు సైతము చేయగల పని. రేపు యంత్రముకడ నిలువవలసిన తమ చెవులను నేడే కాపాడుకొనుటయు వారి చేతిలోని పనియే.